షేర్‌ఖాన్ తెలుగులో మాట్లాడిన ఆదివారాలు

తిరుపతిలో ఈ మధ్య చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమే ఇది. కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో రాత్రి అన్నాల వేళ, పిల్లోడికి ముద్ద దిగాలంటే ఫోను కావాలి. నలభైకి దగ్గరపడుతున్న నాయన ఫోను అందుకుని, “ఇవన్నీ ఏం బొమ్మలురా, మా కాలంలో ఒకటి వస్తా ఉన్నింది, అది చూపిస్తా ఉండు” అంటూ మోగ్లీని వెతికి పెడతాడు. పాట వస్తున్నంతసేపూ ఆయన ముఖం వెలిగిపోతుంది. కథ మొదలైన నాలుగైదు నిమిషాలకే బొటనవేలు తెర అడుగున ఉన్న గీత మీదికి పోతుంది. కొంచెం ముందుకు జరుపుతాడు. మళ్లీ ఇంకొంచెం. “జరపొద్దు నాయినా, ఉండు” అని పిల్లోడే చెయ్యి అడ్డం పెడతాడు. విసుగు పుట్టింది చూస్తున్న పిల్లోడికి కాదు, ముచ్చటపడి చూపించిన నాయనకు.

ఆ బొటనవేలి దగ్గరే మనసు ఆగిపోతుంది. ఆదివారం పొద్దున ఆ అరగంట కోసం వారమంతా కాచుకున్న మనిషే కదా ఇతను. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోతే ఏడ్చినవాడు. ఆదివారం పెళ్లికి పోదాం రారా అంటే రానని మొండికేసినవాడు. ఇప్పుడు అదే బొమ్మ ఎప్పుడంటే అప్పుడు, ఎన్నిసార్లంటే అన్నిసార్లు, కరెంటుతో పనిలేకుండా చేతిలోనే ఉంది. అయినా ఐదు నిమిషాలు కూర్చోలేకపోతున్నాడు. వయసొచ్చింది, పిల్లల బొమ్మలు పెద్దవాళ్లకు ఎక్కడ రుచిస్తాయి అని తేల్చేయడం తేలికే. మరి టామ్ అండ్ జెర్రీ వస్తే పిల్లోడికన్నా ముందు ఆయనే ఎందుకు నవ్వుతాడు? ఫోను వచ్చాక ఓపిక చచ్చిపోయింది అనీ అనొచ్చు. అలాగైతే మూడు గంటల మాయాబజార్‌ను ఇప్పటికీ కదలకుండా ఎలా చూడగలుగుతున్నాడు? ఈ నిరాశకు వేరు ఇంకెక్కడో ఉండాలి.

మోగ్లీ నడిచి వచ్చిన దారి చూస్తే కొంత అర్థమవుతుంది. రుడ్యార్డ్ కిప్లింగ్ జంగిల్ బుక్ అచ్చయింది 1894లో. మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవుల చుట్టూ అల్లిన ఆ కథలను ఆయన రాసింది అమెరికాలోని వెర్మాంట్‌లో కూర్చుని. దాదాపు వందేళ్ల తర్వాత, 1989లో, జపాన్‌లోని నిప్పన్ యానిమేషన్ సంస్థ దాన్ని 52 భాగాల బొమ్మల ధారావాహికగా తీసింది. దూరదర్శన్ దాన్ని హిందీలోకి మార్పించి 1993లో ప్రసారం చేసింది. పాట గుల్జార్ రాశారు, బాణీ విశాల్ భరద్వాజ్ కట్టారు, షేర్‌ఖాన్‌కు నానా పాటేకర్ గొంతునిచ్చారు. ఇవేవీ అప్పటి పుత్తూరు, పీలేరు, పలమనేరు పిల్లలకు తెలియవు. ఆ బొమ్మ జపాన్‌దని కూడా తెలియదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వాళ్లకు హిందీ తెలియదు. చిత్తూరు జిల్లాలో తమిళం చెవిన పడని పిల్లలు తక్కువ, కుప్పం వైపైతే కన్నడం కూడా. హిందీ మాత్రం ఆరో తరగతిలో అక్షరాలతో మొదలయ్యే పాఠం, పరీక్షలో గట్టెక్కాల్సిన గండం. ఆ భాషలో ఒక పులి, ఒక ఎలుగుబంటి, ఒక నల్ల చిరుత అరగంట మాట్లాడుకుంటుంటే వీళ్లకు ఏం అర్థమైనట్టు?

అర్థం కాలేదు. అర్థం చేసిపెట్టేవాళ్లు ఉండేవాళ్లు. నాలుగైదు ఇళ్లకు ఒక టీవీ. సాలిడేర్ అయినా డయనోరా అయినా మద్రాసు సరుకే, కాకుంటే హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ. ఎక్కువ ఇళ్లలో నలుపు తెలుపు. మిద్దె మీద ఒకడు యాంటెన్నా తిప్పుతుంటాడు, వాకిట్లో ఒకడు నిలబడి “వచ్చిందా, పోయిందా” అని అరుస్తుంటాడు, లోపల గచ్చు మీద పదిమంది చెనిక్కాయలు వొలుచుకుంటూ కూర్చుంటారు. వాళ్లలో కాస్త పెద్దపిల్ల, ఎనిమిదో తొమ్మిదో చదివే అక్క, తెర వైపు చూస్తూనే చెప్పుకుంటూ పోయేది. “అదో, వాళ్లమ్మ తోడేలు చెప్తా ఉండాది, ఊళ్లోకి పోవద్దు నాయినా, మనుషులు మంచోళ్లు కాదు అని.” “వాడు పోతానంటా ఉండాడు.” “ఆ పులి వాళ్లనాయన్ని చంపిందంట, అందుకే వాడికి అంత కోపం.” అక్కకు వచ్చిన హిందీ కూడా అంతంతమాత్రమే. ముఖాలు చూసి, గొంతు హెచ్చుతగ్గులు పట్టుకుని, మిగిలింది తనే కల్పించేది. ఆమె చెప్పేది తెరమీద జరిగేదానికన్నా కొంచెం వెనకగానో, ఒక్కోసారి కొంచెం ముందుగానో నడిచేది. ఆమె నోట షేర్‌ఖాన్ చిత్తూరు జిల్లా తెలుగు మాట్లాడాడు. ఊరి పెదరాయుడు ఎట్లా బెదిరిస్తాడో అట్లా బెదిరించాడు. సోమవారం బడిలో ఆ కథ, చూడని పిల్లల కోసం మళ్లీ ఒకసారి నడిచేది, ఈసారి చెప్పేవాడి సొంత చేర్పులతో.

ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే కేంబ్రిడ్జి మనస్తత్వవేత్త సరిగ్గా ఇలాంటిదే పరీక్షగా చేసి చూశాడు. 1932లో వచ్చిన ‘రిమెంబరింగ్’ అనే పుస్తకంలో ఆ వివరాలున్నాయి. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదాన్ని ఇంగ్లండు వాళ్లకు చదవమని ఇచ్చి, కొంతకాలం ఆగి, ఆ కథ మళ్లీ చెప్పమన్నాడు. ఇంకొంత కాలం ఆగి మళ్లీ చెప్పించాడు. చెప్పిన ప్రతిసారీ కథ మారింది. సీల్ అనే సముద్ర జంతువుల వేటకు బయల్దేరినవాళ్లు మామూలుగా చేపలు పట్టడానికి పోయారు. ఆదివాసుల తొట్టి పడవ వీళ్లకు తెలిసిన పడవైపోయింది. అర్థం కాని చోట్లు రాలిపోయాయి, తమ ఊళ్లో చెల్లే కారణాలు వచ్చి చేరాయి. జ్ఞాపకం అంటే దాచిపెట్టిన సరుకు కాదు, తీసిన ప్రతిసారీ మళ్లీ కట్టుకునేది అని ఆయన వాదన. పుత్తూరు గచ్చు మీద ఆదివారం పూట జరిగింది ఇదే. తేడా ఒకటే. కేంబ్రిడ్జి వాళ్లకు కథ కనీసం తమ భాషలో చేతికందింది. ఇక్కడి పిల్లలకు మొదటి రోజునుంచే కట్టుకోవడం తప్ప మరో దారి లేదు.

అందుకే ఇప్పుడు ఫోనులో వెతికేవాడు నిజంగా వెతుకుతున్నది నానా పాటేకర్ గొంతు కాదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో పదేళ్లు ఉద్యోగం చేసి హిందీ ఒంటబట్టించుకున్న ఆ మనిషికి ఇవాళ ప్రతి మాటా అర్థమవుతుంది. తోడేలు తల్లి ఊళ్లోకి పోవద్దని బతిమాలడం లేదు. మామూలుగా జాగ్రత్తలు చెబుతోంది, అంతే. ఎలుగుబంటి పాఠం సాగదీస్తోంది. అక్క చెప్పినప్పుడు నాలుగు ముక్కల్లో తెగిపోయిన మాటలు ఇక్కడ నిమిషాల తరబడి నడుస్తున్నాయి. నలుపు తెలుపులో ఎవరికి తోచిన పచ్చదనం వాళ్లు పూసుకున్న అడవి, ఇప్పుడు రంగుల్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు అదే చెట్టు, అదే తీగ. తెలియని భాష, చుక్కలు పడే తెర, కరెంటు పోయి సగంలో ఆగిన భాగాలు. వాటి మధ్య ఖాళీల్లో పిల్లలు కట్టుకున్న కథ చాలా ఉంది. ఆ ఖాళీలన్నీ ఇప్పుడు పూడిపోయాయి. పూడ్చిన సరుకేమో చాలా మామూలుది.

మామూలుది అనడం మోగ్లీ విషయంలో కొంత కఠినమేమో. మిగతా వాటి విషయంలో మాత్రం కాదు. ఎంజీఎం సంస్థ 1957లో కార్టూన్ల విభాగం మూసేశాక, టామ్ అండ్ జెర్రీ సృష్టికర్తలు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా టీవీకి మళ్లారు. సినిమా హాలు కోసం తీసినప్పటి డబ్బు అక్కడ లేదు. తక్కువ బొమ్మలతో ఎక్కువ నిమిషాలు నింపాలి. యోగీ ఎలుగుబంటి మెడలో కాలరు, టై ఎందుకున్నాయో చిన్నప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. మెడ దగ్గర ఆ అడ్డగీత ఉంటే ఒళ్లంతా కదలకుండా ఉంచి తలకాయ ఒక్కటే మార్చి గీసుకోవచ్చు. 1969లో మొదలైన స్కూబీ డూలో దయ్యానికి భయపడి పరుగెత్తేవాళ్ల వెనక అదే గోడ, అదే తలుపు మళ్లీ మళ్లీ జరిగిపోతుంది. ఇక హీ-మ్యాన్. 1983లో ఫిల్మేషన్ సంస్థ తీసిన ఆ ధారావాహిక, మాటెల్ కంపెనీ అంతకుముందే అమ్మకానికి పెట్టిన ఆటబొమ్మల చుట్టూ అల్లింది. కత్తి పైకెత్తడం, గుద్దడం, పల్టీ కొట్టడం, అన్నీ ఒకసారి గీసి దాచుకున్న ముక్కలే. ఏ భాగంలోనైనా అవే అతికించేవాళ్లు. దువ్వెనను కత్తిగా పట్టుకుని మంచం మీంచి దూకిన పిల్లోడికి ఆ అతుకులు కనబడలేదు. ఒకసారి కనబడ్డాక ఇక కనబడకుండా ఉండవు.

టామ్ అండ్ జెర్రీ మాత్రం నిలబడింది, అది అదృష్టం కాదు. 1940 నుంచి 1958 దాకా హన్నా, బార్బెరా తీసిన 114 చిన్న చిత్రాలకు ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఏడెనిమిది నిమిషాల చిత్రంలో ప్రతి అడుగుకూ స్కాట్ బ్రాడ్లీ సంగీతం జతపడి ఉంటుంది. 1947లో వచ్చిన ‘ది క్యాట్ కాన్సర్టో’లో టామ్ పియానో మీద స్వరకర్త లిస్ట్ రాసిన హంగేరియన్ రాప్సొడీ వాయిస్తుంటే వేళ్లు స్వరాల వెంటే పరుగెత్తుతాయి. చిన్నప్పుడు పిల్లి తినే దెబ్బలకు నవ్విన మనిషి ఇప్పుడు ఆ వేళ్లను చూసి ముచ్చటపడతాడు. మాటలు పెద్దగా లేవు కాబట్టి తర్జుమా చెప్పే అక్క అవసరమూ రాలేదు. 1995 మే 1న ఇంగ్లీషులో మొదలైన కార్టూన్ నెట్‌వర్క్ తిరుపతి కేబుల్‌లోకి వచ్చినప్పుడు, ఇంగ్లీషు రాని ఇళ్లలో అందరికీ ఒకేలా అందింది ఇదొక్కటే. అయితే నిలబడినదానిలోనూ ఒక ముల్లుంది. ఆ పాత చిత్రాల్లో చీపురు పట్టుకుని టామ్‌ను తరిమే పనిమనిషి ఉంటుంది, కాళ్లు మాత్రమే కనబడే నల్లజాతి ఆవిడ. 1952 తర్వాత ఆమె కనిపించదు. ఆనాటి అమెరికా తన నల్లజాతి ఆడవాళ్లను ఎలా చూసిందో ఆ కాళ్లలో, ఆ మాట తీరులో ఉంది. ఆ పాత్రను తర్వాత కొన్ని చిత్రాల్లో మార్చి గీశారు, గొంతు మార్చారు. ఇంటి యజమానురాలనుకుని నవ్విన పిల్లలకు ఇది తెలిసే దారి లేదు. పెద్దయ్యాక తెలిసినవాడు తన పిల్లోడి పక్కన కూర్చుని అది చూస్తూ ఏం చెప్పాలి? 1964 నాటి జానీ క్వెస్ట్‌లో కలకత్తా పిల్లాడు హాజీ తలపాగాతో, మంత్రాలతో కనబడినప్పుడూ అదే ప్రశ్న. మనల్ని ఎవరో అలా గీశారని తెలియకుండానే చప్పట్లు కొట్టాం కదా.

తిరుపతిలో ఇంకో సంగతి ఉంది, ఇది ఇంకే ఊరివాళ్లకూ ఇంత దగ్గరగా తగలదు. మోగ్లీని కాపాడే బఘీరా నల్ల చిరుత. నిన్నటి పిల్లలకు బఘీరా అంటే తెలివైన చిన్నాయన. శేషాచలం కొండల్లో చిరుతలున్నాయని ఊళ్లో అందరికీ తెలుసు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయింది. ఆ తర్వాత దేవస్థానం కాలినడక భక్తులకు చేతికర్రలు ఇచ్చింది, పిల్లలు ఆ దారిన పోయే వేళలకు హద్దులు పెట్టింది. అదే దారిలో ఏటా పిల్లల్ని ఎక్కించుకుపోయే తల్లిదండ్రులకు, పసివాడి పక్కన కాపలా కూర్చున్న చిరుత బొమ్మను మునుపటి కళ్లతో చూడటం సాధ్యమేనా? చిరుత తప్పేం లేదు, అడవి దానిది. కానీ ఆ బొమ్మలోని స్నేహం ఇప్పుడు గొంతు దిగదు. దీన్ని నిరాశ అనడం కూడా సరిపోదు.

ఇక్కడొక అనుమానం వదలడం లేదు. చుక్కల తెర, ఒకే టీవీ, రాని భాష, వీటిని ఇంత ముద్దుగా తలుచుకోవడం లేమిని అలంకరించడం కాదా? ఖాళీల్లో కథ కట్టుకున్నారు సరే. ఆ గచ్చు మీద కూర్చునే చోటు ఎవరికి దొరికింది? చాలా పల్లెల్లో టీవీ ఉన్న ఇల్లు ఊళ్లో ఉండేది. దళితవాడ పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని బయటే నిలబడి చూశారు. లోపలినుంచి తలుపు వేస్తే అక్కడితో సరి. వాళ్ల జ్ఞాపకంలో మోగ్లీ పక్కన ఆ తలుపు కూడా ఉంటుంది. అక్క చెప్పే తెలుగు వాళ్లకు కిటికీలోంచి సగం వినబడి ఉంటుంది. మిగతా సగం వాళ్లే అల్లుకుని ఉంటారు, ఇంకా పెద్ద ఖాళీలో. దాన్ని అందమని అనడానికి మనసొప్పదు.

ఈ చోట నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గుర్తొస్తాడు. తిరుపతి పక్క పల్లె బాల్యాన్ని ‘పచ్చనాకు సాక్షిగా’, ‘మిట్టూరోడి కతలు’లో అక్కడి మాటలోనే రాశాడు. ఆకలి, అమ్మ చాకిరీ, పిల్లల ఆటలు, బూతులు అన్నీ ఒక్కచోటే ఉంటాయి. ఏదీ కడిగి పక్కన పెట్టడు. ఆ పుస్తకాలు ఎన్నేళ్లకు తీసినా నిరాశపరచవు. తీపి ఒక్కటే దాచుకున్నవాడికే నిరాశ, చేదు కూడా కలిపి దాచుకున్నవాడికి అంత తేలిగ్గా రాదు. బహుశా ఇదే ఆ ముందుకు జరిపిన బొటనవేలి రహస్యం. ఫోను తెర మీద పాట ఉంది, పులి ఉంది. కిటికీ లేదు, తలుపు లేదు, మిద్దె మీద యాంటెన్నా పట్టుకుని తను బొమ్మ చూడకుండానే పక్కవాళ్లకు చూపించిన పిల్లోడు లేడు.

అంతకు ముందు తరం గొడవ వేరు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి మొదలుపెట్టిన చందమామ చదివి పెరిగినవాళ్లు ఇప్పుడు పాత సంచికలు తిరగేస్తే ఇంతగా ఉసూరుమనరు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య గీసిన బొమ్మలు అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. కొడవటిగంటి కుటుంబరావు దిద్దిన తెలుగు అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. మధ్యలో ఎవరూ తర్జుమా చెప్పనక్కర్లేదు, చదివినదే గుర్తుంది, గుర్తున్నదే పేజీలో ఉంది. మోగ్లీ తరానికి ఆ సౌకర్యం లేదు. వాళ్లు చూసింది వేరు, విన్నది వేరు. 2010లో హైదరాబాదులోని డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ అదే జంగిల్ బుక్‌ను కంప్యూటర్ బొమ్మలతో మళ్లీ తీసింది. మన పక్కనే తయారైన ఆ మోగ్లీ ఎదురుపడితే ఈ తరంవాళ్లు “ఇది మాది కాదు” అని పక్కన పెట్టేస్తారు. టోక్యోలో గీసి బొంబాయి హిందీ మాట్లాడినది మాత్రం వాళ్లది! 2008లో పోగోలో మొదలైన ఛోటా భీమ్ కూడా హైదరాబాదు గ్రీన్ గోల్డ్ సంస్థదే, రాజీవ్ చిలక సృష్టి. లడ్డూ తిని బలం తెచ్చుకునే ఆ పిల్లవాడిని తిరుపతి పిల్లలు తమవాడనుకోవడంలో వింతేమీ లేదు. వాళ్లు పెద్దయ్యాక వాళ్ల బొటనవేలు ఏం చేస్తుందో వాళ్లే చెప్పాలి.

కొంతవరకు ఇప్పటికే చెబుతున్నారు. సన్ గ్రూపు 2007లో తమిళంలో చుట్టి టీవీ, 2009లో తెలుగులో ఖుషీ టీవీ పెట్టింది. నగరి, కుప్పం వైపు ఇళ్లలో రెండూ నడిచేవి. డోరా వెంట తిరిగిన కోతి బుజ్జి అయింది, కార్టూన్ జాకీ చాన్ తెలుగులో విసుక్కున్నాడు. మోగ్లీ తరం గచ్చు మీద చేసుకున్న పనిని ఈసారి డబ్బింగు కళాకారులు స్టూడియోలో కూర్చుని చేసిపెట్టారు. అప్పటి పిల్లలకు ఇప్పుడు ఇరవై దాటాయి. బెంగళూరు, చెన్నై హాస్టళ్లలో కూర్చుని వాళ్లు వెతికేది అమెరికా జాకీ చాన్‌ను కాదు, ఆ తెలుగు గొంతుల్ని. ఇంగ్లీషుది కావాలంటే మంచి బొమ్మతో దొరుకుతుంది. తెలుగుది మాత్రం దొరికితే ఎవరో టీవీ ముందు ఫోను పెట్టి పట్టిన ముక్క, వెనక ఇంట్లో కుక్కరు విజిల్‌తో సహా. అయినా ఆ ముక్కనే ముందుకు జరపకుండా చూస్తారు.

ఆ గొంతులు ఎవరివో చాలామందికి తెలియదు. చివర పేర్లు పడే వేళకు ప్రకటనలు వచ్చేసేవి. వాటిలో కొన్ని ఇప్పటికీ హైదరాబాదు, చెన్నై స్టూడియోల్లో ఎవరో ఒకరికి మాట అరువిస్తూనే ఉండొచ్చు. సినిమా పాటల విషయంలో ఎవరు పాడారో, ఎవరు రాశారో పట్టుబట్టి రాసిపెట్టుకునే అలవాటు మనకు ఉంది. పిల్లల బొమ్మలకు తెలుగు చెప్పినవాళ్ల జాబితా కూడా అంతే శ్రద్ధగా, వాళ్లు అందుబాటులో ఉండగానే, ఎవరైనా పూనుకుని తయారుచేయాలి. 1993 నాటి అక్కల పేర్లు ఏ జాబితాలోకీ రావు. అవి ఆయా వీధులవాళ్లకు తెలుసు. పెళ్లయి ఏ ఊళ్లో ఉన్నారో కూడా తెలుసు.